మూడు శవపేటికలకు ఒక సంతకం

"ఆ అర్జీ మీద నీ సంతకం ఉందా, లేదా? అది చెప్పు చాలు," అంది బిర్తే.

ఐవిన్ నల్ల రొట్టె ముక్క మీద వెన్న రాస్తూనే ఉన్నాడు. రాసిన చోటే మళ్ళీ రాస్తున్నాడు.

"ఉంది," అన్నాడు చివరికి. "నిన్న పొద్దున పెట్టాను."

"ఇంగెర్‌లిసే కొట్లోనా? అందరి ముందూనా?"

"అందరి ముందూ పెట్టకపోతే ఇంక పెట్టి ఏం లాభం?"

కిటికీ పక్కన కూర్చున్న గుద్రున్ ఇటు తిరగలేదు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. చూపు రోడ్డు మీదే ఉంది గానీ చెవులు మాత్రం బల్ల దగ్గరే ఉన్నాయి.

"పోనీలేవే. ఊరంతా వరసలో నిలబడి పెడుతుంటే, మీ ఆయన ఒక్కడూ చేతులు జేబులో పెట్టుకుని ఎలా వస్తాడు పాపం," అంది కూతురితో.

"మీరు ఎగతాళి చెయ్యక్కర్లేదత్తయ్యా. నేనేమీ మీ అబ్బాయికి ఉరి వెయ్యమని రాయలేదు."

"మరేం రాశావు నాయనా?"

"ఆ ముగ్గుర్ని ఎక్కడ పాతిపెట్టాలో నిర్ణయించే హక్కు అతనికి ఉండకూడదని. అంతే. అది నాకు న్యాయంగానే కనిపించింది."

బిర్తే లేచి కాఫీ గిన్నె పొయ్యి మీద నుంచి దించింది. ఎవరికీ పొయ్యలేదు.

పన్నెండు రోజుల కిందట ఆ ఊళ్ళో, ఆ హాల్‌స్ట్రుప్‌లో, బిర్తే తమ్ముడు తోర్కిల్ ఇల్లు కాలిపోయింది. భార్య మారెన్, తొమ్మిదేళ్ళ ఆస్తా, ఆరేళ్ళ ఫ్రైయా లోపలే ఉండిపోయారు. తోర్కిల్ మిగిలాడు. పడవల కొట్టంలో పని చేసుకుంటున్నానన్నాడు. పడకగదుల వైపు తలుపు బయటి నుంచి గడియ పెట్టి ఉందని పోలీసులు చెప్పి, ఆరో రోజున అతన్నే పట్టుకెళ్ళారు. నేను కాదన్నాడు అతను. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు. అయినా ఊళ్ళో తెలియదనేవాడు ఒక్కడు లేడు.

క్షౌరం చేసే ఆవిడ, "ఎప్పుడొచ్చినా ఈల వేసుకుంటూ వచ్చేవాడమ్మా. మగాడికి అంత హుషారేమిటని నాకప్పుడే అనిపించింది," అంటోంది. మాంసం కొట్టతను టీవీ వాళ్ళకి మూడు సార్లు మూడు రకాలుగా చెప్పాడు. తోర్కిల్ ఆరేళ్ళ పాటు ఆడపిల్లలకి హ్యాండ్‌బాల్ నేర్పించిన వ్యాయామశాలలో జట్టు ఫోటో తీసేశారు. ఆ మేర గోడ తెల్లగా మిగిలింది. కాలిన ఇంటి ముందు బొమ్మలు, కొవ్వొత్తులు మోకాలి ఎత్తున పేరుకున్నాయి. ఎక్కడెక్కడి కార్లో అక్కడ ఆగుతున్నాయి.

చట్టం మాత్రం ఊరితో పాటు నడవలేదు. నేరం రుజువయ్యే దాకా తోర్కిల్ మారెన్‌కి భర్తే, ఆ పిల్లలకి తండ్రే. వాళ్ళ అంత్యక్రియల కాగితం మీద అతని సంతకమే కావాలి. మారెన్ తండ్రి విల్లాడ్స్ ముగ్గురినీ తమ దీవికి తీసుకుపోతానని కాగితం పంపించాడు. లాయరు అది తీసుకెళ్తే తోర్కిల్ చూడను కూడా చూడలేదు. "మా అక్కని రమ్మనండి," అన్నాడట.

లాయరు తెచ్చిచ్చిన ఆ కాగితం రెండు రోజులుగా ఈ ఇంట్లోనే ఉంది. గుద్రున్ ఏప్రాన్ జేబులో, నాలుగు మడతల మీద.

"అమ్మా, ఆ కాగితం ఇలా ఇవ్వు. రేపు చూడ్డానికి అనుమతి ఇచ్చారు," అంది బిర్తే.

"ఇవ్వను. మీ నాన్న పోకముందే సమాధుల తోటలో తన పక్కన నాలుగు చోట్లు కొనిపెట్టాడు. నా మనవరాళ్ళు ఆయన పక్కన ఉంటారు. ఆదివారం ఆదివారం నడిచి వెళ్ళగలను. ఆ దీవికి నన్నెవరు తీసుకెళ్తారు, మీ ఆయనా?"

ఐవిన్ కుర్చీ వెనక్కి జరిపాడు. "అత్తయ్యా, వాళ్ళని ఈ ఊళ్ళో, మీ ఇంటి పేరు చెక్కిన రాయి కింద పడుకోబెడితే ఈ జనం ఊరుకుంటారా? రాత్రికి రాత్రే ఆ రాయి మీద ఏం రాస్తారో మీకు తెలుసా?"

"వాడు చేశాడని నీకెవరు చెప్పారు?"

"తలుపు గడియ చెప్పింది."

"నోరు ముయ్యి ఐవిన్," అంది బిర్తే. పదిహేడేళ్ళ కాపురంలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. అతను ఆశ్చర్యంగా చూశాడు, పనిముట్ల పెట్టె తీసుకుని బయటికి నడిచాడు.

పెట్టె తీసుకున్నాడే గానీ పనేమీ లేదు. ఆ వారం నీటి గొట్టాలు బాగు చెయ్యమన్న ముగ్గురు, ఈసారికి వద్దులే అన్నారు. మర్యాదగానే అన్నారు.

*

బిర్తేతో కూడా మర్యాదగానే మాట్లాడారు. అదే ఆమెకి మింగుడు పడలేదు.

పద్నాలుగేళ్ళుగా ఆమె బడి బస్సు నడుపుతోంది. ఆ రోజు మధ్యాహ్నం ప్రధానోపాధ్యాయుడు హెమ్మింగ్ ఆమెని తన గదికి పిలిచి, మంచి కప్పులో కాఫీ పోయించాడు. మంచి కప్పు చూడగానే బిర్తేకి సంగతి అర్థమైపోయింది.

"కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి బిర్తే. క్రిస్మస్ వెళ్ళేదాకా," అన్నాడు.

"నేను అడగలేదే."

"మీరు అడగరని నాకు తెలుసు. అందుకే నేను చెప్తున్నాను."

"తల్లిదండ్రులు గొడవ చేశారా?"

"గొడవేమీ లేదు. మీ మీద ఎవరికీ కోపం లేదు. పిల్లలకి మీరంటే ప్రాణం. ఇబ్బందల్లా అదే." అతను చెంచాతో కాఫీ కలిపాడు, పంచదార వెయ్యకుండానే. "ఆస్తా, ఫ్రైయా మీ వెనక సీట్లో కూర్చునేవారు కదా. ఆ సీట్లో ఇప్పుడెవరూ కూర్చోవడం లేదట. కూర్చోవడానికి చోటు లేకపోతే నిలబడుతున్నారట."

అది బిర్తేకి తెలుసు. ముందు అద్దంలో రోజూ చూస్తూనే ఉంది.

బయట కంచె దగ్గర ఒక తల్లి ఎదురైంది. హెల్లే అని, వాళ్ళ అమ్మాయి ఆస్తా తరగతే. తప్పుకుని పోతుందనుకుంది గానీ, ఆగి బిర్తే చెయ్యి పట్టుకుంది.

"నీ తప్పేమీ లేదని మా అందరికీ తెలుసు," అంది.

"మరి?"

"నీ కళ్ళూ అతని కళ్ళూ ఒకటే బిర్తే. నేనేం చెయ్యను? నిన్ను చూస్తే అతనే చూస్తున్నట్టుంటుంది." హెల్లే కళ్ళనిండా నీళ్ళు. "క్షమించు," అని వెళ్ళిపోయింది.

తిట్టి ఉంటే తిరిగి తిట్టవచ్చు. క్షమించమంటే ఏం చెయ్యాలో బిర్తేకి తోచలేదు. బస్సు తాళాలు ఆఫీసులో ఇచ్చేసి నడుచుకుంటూ ఇంటికి బయల్దేరింది. ఇంగెర్‌లిసే కొట్టు అద్దంలోంచి ఆ అర్జీ కనిపిస్తూనే ఉంది. గల్లా పెట్టె పక్కన, దారానికి కట్టిన పెన్నుతో సహా.

లోపలికి వెళ్ళింది. మాట్లాడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఒక్కసారిగా పాల సీసాల మీద తేదీలు చదవడం మొదలుపెట్టారు.

బిర్తే కాగితాలు తిప్పింది. పదకొండో పేజీలో ఐవిన్ సంతకం. దాని కింద ఖాళీ.

"నీకోసం వదిలామేమో అనుకోకు," అంది ఇంగెర్‌లిసే, గొంతు తగ్గించి. "అతని తర్వాత ఇంకెవరూ రాలేదంతే. మీ ఆయన పెట్టాక అందరికీ ఎందుకో మనసొప్పలేదు."

*

ఇంటికొచ్చేసరికి వంటింట్లో విల్లాడ్స్ ఉన్నాడు.

చేపల పడవ మీద నలభై ఏళ్ళు బతికిన మనిషి, బల్ల చివర టోపీ ఒళ్ళో పెట్టుకుని పిల్లాడిలా కూర్చున్నాడు. ఎదురుగా గుద్రున్. ఇద్దరి మధ్యా న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి. పొగ పెట్టిన చేపల వాసన ఇల్లంతా నిండింది. ఆయన ఈ ఇంటికి ఎప్పుడొచ్చినా అవి తెచ్చేవాడు.

"రేవులో దిగేదాకా చూసుకోలేదమ్మా," అన్నాడు బిర్తేతో, పొట్లం చూపిస్తూ. "పడవ ఎక్కేటప్పుడు అలవాటుగా కొనేశాను. సిగ్గేసింది. పారెయ్యడానికి మనసొప్పలేదు."

"మంచిపని చేశారు," అంది బిర్తే. ఆ మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

ఎంతసేపటి నుంచి కూర్చున్నారో, ఏం మాట్లాడుకున్నారో తెలియలేదు. బహుశా ఏమీ మాట్లాడుకుని ఉండరు.

"గుద్రున్ గారూ," అన్నాడు విల్లాడ్స్. "ఆ కాగితం మీ దగ్గరుందని లాయరు చెప్పాడు."

"ఉంది."

"దాన్ని నేను ఐదుసార్లు రాశాను. ప్రతిసారీ అతని పేరు రాయాల్సిన చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. చివరికి మా మేనకోడలితో రాయించాను."

"నా కొడుకు హంతకుడని మీరూ నమ్ముతున్నారన్న మాట."

"నమ్మడానికీ నమ్మకపోవడానికీ ఓపిక ఉండాలండి. నాకు లేదు. పొద్దున్నే లేచి చొక్కా బొత్తాలు పెట్టుకునేసరికే అయిపోతోంది."

"పిల్లలు ఇక్కడ పుట్టారు. ఇక్కడి బళ్ళో చదివారు. ఆస్తాకి నడక నేర్పింది నేను. ఈ నేల మీద," అంటూ గుద్రున్ చెప్పు కాలితో నేలని తట్టింది. "మీరు ఏడాదికి రెండుసార్లు చూసేవారు. నేను రోజూ చూసేదాన్ని."

"నిజమే."

"మరి నా దగ్గర నుంచి ఎందుకు తీసుకుపోతున్నారు?"

విల్లాడ్స్ కాసేపు టోపీ అంచు సవరించాడు. అరుస్తాడేమోనని బిర్తే భయపడింది. ఆయన అరవలేదు.

"పొద్దున ఆ ఇంటి దగ్గరికెళ్ళాను. ఎవరో ఒకావిడ కారు దిగి, బొమ్మల ముందు నిలబడి ఫోటో తీయించుకుంటోంది. నన్ను పక్కకి జరగమంది. జరిగాను." "వాళ్ళు ఇక్కడుంటే నేను ప్రతిసారీ అలా జరుగుతూనే ఉండాలి. మా ఆవిడ పన్నెండు రోజులుగా మంచం దిగలేదు. మా చర్చి మా ఇంటికి ఎదురుగానే ఉంటుంది గుద్రున్ గారూ. వాళ్ళు అక్కడుంటే ఏదో ఒక రోజు లేచి రోడ్డు దాటుతుంది. ఇక్కడుంటే ఇంక లేవదు."

కిటికీ బయట వెలుతురు అప్పటికే తగ్గిపోయింది. నవంబరు నెల మరి.

గుద్రున్ జేబులోంచి కాగితం తీసింది. మడతలు విప్పి, బల్ల మీద పరిచి, అరచేత్తో రెండుసార్లు రుద్దింది. విల్లాడ్స్‌కి ఇవ్వలేదు. కూతురి వైపు జరిపింది.

"నా కొడుకు చేశాడని ఒప్పుకుని ఇస్తున్నాననుకోకండి," అంది.

"అనుకోను," అన్నాడు ఆయన.

ఆ చేపలు ఆ సాయంత్రం ముగ్గురూ తిన్నారు. ఐవిన్ వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు, తర్వాత తనూ ఒక కంచం తెచ్చుకున్నాడు. ఎవరూ ఎవరికీ ఏమీ వడ్డించలేదు. ఎవరిది వాళ్ళే తీసుకున్నారు.

*

మర్నాడు కారు నడిపింది బిర్తే. పక్కన గుద్రున్.

"నేను లోపలికి రాను," అని బయల్దేరేటప్పుడే చెప్పేసింది గుద్రున్. తోర్కిల్ తనని చూడ్డానికి వచ్చేవాళ్ళ జాబితాలో తల్లి పేరు కూడా రాయించాడు. మొదటి రోజు నుంచీ ఆమె ఒకే మాట అంటోంది. "ఆ గోడల మధ్య వాణ్ణి చూశానంటే వాడు అక్కడి వాడేనని ఒప్పుకున్నట్టు. వాడు బయటికొచ్చాక చూస్తాను."

"మరి ఎందుకొస్తున్నావమ్మా?"

"ఇంట్లో కూర్చుని మీ ఆయన మొహం చూడలేక."

జైలు జిల్లా పట్టణం మధ్యలోనే ఉంది. ఒక పక్క గ్రంథాలయం, ఒక పక్క సైకిళ్ళ కొట్టు. బిర్తే లోపలికి వెళ్ళేసరికి మూడు కావడానికి పది నిమిషాలుంది. గదిలో బల్ల, మూడు కుర్చీలు. మూడోది పోలీసాయనకి.

"కేసు గురించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. మాట్లాడితే అక్కడితో ఆపేస్తాను," అన్నాడాయన. చెడ్డవాడిలా లేడు. అలసిపోయినట్టున్నాడు.

తోర్కిల్‌ని తీసుకొచ్చారు. బిర్తే ఊహించుకున్నంతగా చిక్కిపోలేదు. గడ్డం కూడా గీసుకున్నాడు. ఎందుకో అది ఆమెకి బాధగా అనిపించింది. చిక్కి ఉంటే బాగుండేదేమో.

"అక్కా."

"తింటున్నావా?"

"పెడుతున్నారు. అమ్మ ఎలా ఉంది?"

"కార్లో ఉంది."

అతను తలుపు వైపు చూశాడు. మళ్ళీ బల్ల వైపు. "రాదా?"

"రానంది."

"ఊఁ." కాసేపాగి, "పడవ ఇంకా నీళ్ళలోనే ఉంది. మంచు పట్టేలోపు ఒడ్డుకి లాగించమను బావని," అన్నాడు.

ఆ మాటకి బిర్తే తల ఎత్తి అతన్ని చూసింది. భార్యాపిల్లలు శవపేటికల్లో ఉంటే పడవ గురించి అడిగే మనిషి ఎలాంటివాడు? అదే క్షణంలో ఇంకోటి కూడా తోచింది. వేరే ఏం అడగగలడు? ఏం అడిగినా తప్పే కదా.

కాగితం బల్ల మీద పెట్టింది. "విల్లాడ్స్ గారు పంపించారు. ముగ్గుర్నీ దీవికి తీసుకెళ్తారట."

తోర్కిల్ చదవలేదు. పెన్ను అందుకుని, ఎక్కడ అని కళ్ళతోనే అడిగి, ఆమె వేలు చూపించిన చోట సంతకం చేశాడు. లాయరు ఎన్నిసార్లు అడిగినా చెయ్యని సంతకం. దానికి పట్టింది రెండు క్షణాలు.

"లాయరుకే చేసివ్వచ్చు కదరా. ఇన్ని రోజులు ఎందుకు ఆపావు?"

"నువ్వు వస్తావో రావో చూద్దామని."

పోలీసాయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఆస్తాకి టోపీ పెట్టమను," అన్నాడు తోర్కిల్ ఉన్నట్టుండి. "నీలం రంగుది మీ ఇంట్లోనే మర్చిపోయింది. చెవుల మీదుగా కిందికి లాగాలి. లేకపోతే దానికి చలి." అంటూనే రెండు చేతుల్తో తన చెవులు మూసుకున్నాడు. అలాగే ఉండిపోయాడు.

బిర్తే లేచింది. అతని భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వేసిందో లేదో కూడా తెలియకుండా బయటికి వచ్చేసింది.

*

కారు అద్దాలు తల్లి ఊపిరితో మసకబారి ఉన్నాయి. బిర్తే తలుపు తీసి కూర్చుని, కాగితం తీసి చూపించింది.

"పెట్టాడు."

గుద్రున్ సంతకం వైపు చూసింది. వేలితో తాకలేదు.

"ఏమన్నాడు?"

"పడవ ఒడ్డుకి లాగించమన్నాడు. ఆస్తాకి నీలం టోపీ పెట్టమన్నాడు."

"ఇంకా?"

"అంతే."

గుద్రున్ చేతి తొడుగులు ఒకటొకటిగా తీసి ఒళ్ళో పెట్టుకుంది. బిర్తే తాళం తిప్పబోయింది.

"అడిగావా?" అంది గుద్రున్.

బిర్తే చెయ్యి ఆగిపోయింది. వారం రోజులుగా ఈ మనిషి ఊరందరితోనూ ఒంటరిగా పోట్లాడుతోంది. నా కొడుకు చెయ్యలేదు, నా కొడుకు చెయ్యడు. అలాంటి మనిషి నోటి నుంచి ఈ మాట.

"ఏమని అమ్మా?"

"ఏమని అడుగుతానో నీకు తెలియదా?"

"కేసు గురించి మాట్లాడకూడదన్నారు. పోలీసాయన పక్కనే కూర్చున్నాడు."

"మాట్లాడకూడదన్నారని అడగలేదా? అడగాలనిపించక అడగలేదా?"

బిర్తే కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టింది. ఏడుపొచ్చింది, కానీ తల్లి ముందు ఏడవలేదు.

"టీవీ వాళ్ళు అడిగారు, ఊళ్ళో వాళ్ళు ఒకరినొకరు అడుగుతున్నారు," అంది గుద్రున్ నెమ్మదిగా. "వాణ్ణి కన్నదాన్ని నేను. ఆ పోలీసులు తీసుకుపోయే రోజు కూడా వాడి మొహంలోకి చూసి నేను ఆ మాట అడగలేదు. చెయ్యలేదని అందరికీ నేనే చెప్పేశాను. వాడు చెప్పేదాకా ఆగలేదు."

"అమ్మా..."

"ఎన్నింటిదాకా చూడనిస్తారు?"

"నాలుగింటిదాకా. ఇంకా అరగంట ఉంది. కానీ అడిగితే ఆపేస్తారమ్మా. బయటికి పంపించేస్తారు."

"పంపించనీ. నేను అడిగాక కదా ఆపేది. వాడు నా మొహం చూసే ఒక్క క్షణం చాలు నాకు."

గుద్రున్ తలుపు తీసుకుని దిగింది. బిర్తే ఇటు నుంచి చుట్టూ తిరిగి వచ్చేలోపే ఆమె సగం దూరం వెళ్ళిపోయింది. సైకిళ్ళ కొట్టు ముందు నిలబడ్డ ఇద్దరు, టీవీలో చూసిన ఆమెని గుర్తుపట్టి మాటలు ఆపేశారు. గుద్రున్ వాళ్ళకి మర్యాదగా తల ఊపి, మెట్లెక్కి గంట నొక్కింది.

కిటికీ వెనక నుంచి ఒక కుర్ర ఆఫీసరు తొంగిచూశాడు. జాబితా తీసుకున్నాడు.

"ఎవరిని చూడాలమ్మా?"

"తోర్కిల్‌ని."

"మీరు అతనికి ఏమవుతారు?"

గుద్రున్ నోరు తెరిచింది. వెనక నిలబడ్డ బిర్తే 'అమ్మని' అనే ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసింది. అది రాలేదు. ఆఫీసరు పెన్ను పట్టుకుని అలాగే చూస్తున్నాడు.

"చనిపోయిన ఆ పిల్లలిద్దరికీ నేను నాయనమ్మని," అంది గుద్రున్. "తలుపు తియ్యండి."